పడగొట్టే ముందు గీసిన ఇళ్ళు

పోయిన మాఘమాసంలో సౌమ్య అనే అమ్మాయి నంద్యాలలో మా ఇంటికి వచ్చింది. ఇళ్ళ నిర్మాణం చదువుకున్న పిల్ల. పాతకాలపు మట్టి మిద్దెలు ఎక్కడెక్కడ మిగిలి ఉన్నాయో వెతికి, కొలిచి, ఫొటోలు తీసి నమోదు చేసే పనిలో ఉంది. వెంట ఇద్దరు స్నేహితులు, ఒక పెట్టెలో ఎగిరే కెమెరా. ఎప్పుడో ఒక వారపత్రికలో నేను రాసిన చిన్న వ్యాసంలో, మా మామ పల్లెల్లో ఇళ్ళ బొమ్మలు గీసేవాడన్న వాక్యం ఒకటి ఉంది. దాన్ని పట్టుకుని నన్ను వెతుక్కుంటూ వచ్చింది. "ఆ బొమ్మలు ఉన్నాయా అమ్మా?" అంది కుర్చీలో కూర్చోకముందే. లేవన్నాను. "పోనీ ఇళ్ళన్నా చూపిస్తారా? ఆత్మకూరు వైపు కొన్ని దొరికాయి, అవుకు వైపు కొన్ని దొరికాయి. గోస్పాడు దాటాక ఆళ్ళగడ్డ దాకా మాత్రం ఒక్కటీ లేదు. ఎవరో ఏరి పారేసినట్టుంది. ఎందుకంటారు?" ఎందుకో నాకు తెలుసు. మామ చనిపోయి అప్పటికి ఏడాది కూడా నిండలేదు. టీ పెడతానని లేచి లోపలికి పోయాను. పాలు పొంగి పొయ్యి మీద పడేదాకా అక్కడే నిలబడ్డాను.

మా నాయన బేల్దారి. ఆళ్ళగడ్డ చుట్టుపక్కల ఊళ్ళలో ఉత్త హుసేను అంటే ఎవరికీ తెలియదు, బేల్దారి హుసేను అనాలి. మేము దూదేకులవాళ్ళం. జేజినాయన కాలం దాకా దూది ఏకి పరుపులు కుట్టి బతికినవాళ్ళు, నాయన మాత్రం చిన్నతనంలోనే మట్టిపనిలోకి దిగాడు. రాతిగోడ ఎత్తడం, దూలం ఎక్కించడం అన్నీ నేర్చుకున్నాడు గానీ, ఆ పని చేతికి పట్టుబడేనాటికి పల్లెల్లో కట్టించుకునేవాళ్ళందరికీ స్లాబు కావలసివచ్చింది. స్లాబు వేయాలంటే ముందు పాత మిద్దె పడగొట్టాలి. అట్లా కట్టడం నేర్చుకున్న మనిషి బతుకులో సగం పైగా పడగొట్టడంతోనే గడిచింది. సాయంత్రం ఆయన ఇంటికి వస్తే ఆయనకంటే ముందు ఆ వాసన వచ్చేది. ఏళ్ళనాటి పొగ, ఎలుకల వాసన, ఎండి పొడి అయిన ఆకు, వీటన్నిటినీ కలిపే ఒక చప్పిడి ఉప్పు వాసన. అమ్మ ఆయన్ను స్నానం చేయకుండా గడప దాటనిచ్చేది కాదు. బండ మీద కూర్చోబెట్టి చెంబుతో నీళ్ళు పోస్తుంటే బూడిదరంగు నీళ్ళు వీధి కాలువలోకి పారేవి. ఆ తర్వాత జొన్నరొట్టె, చెనిక్కాయల ఊరిబిండి. తింటూ ఆ రోజు కొట్టిన ఇంటి గురించి చెప్పేవాడు, పెండ్లికి పోయి వచ్చినవాళ్ళు విందు గురించి చెప్పినట్టు. ఏ ఇంటి మీదైనా మొదటి గడ్డపార దెబ్బ వేసే ముందు బిస్మిల్లా అనుకుని, ఇంటివాళ్ళు కొట్టిన టెంకాయ ముక్క ఒకటి నోట్లో వేసుకునేవాడు. రెండూ చేయకుండా ఇల్లు ముట్టుకుంటే అరిష్టమని ఆయన నమ్మకం.

మామ అంటే మా అమ్మ తమ్ముడు కాశీం. ఆళ్ళగడ్డ హైస్కూల్లో డ్రాయింగు మాస్టరు. పెళ్ళి చేసుకోలేదు. మా ఇంట్లోనే ముందు గదిలో ఉండేవాడు. ఆ గది నిండా పెన్సిలు చెక్కిన పొట్టు, రబ్బరు తురుము. పెన్సిలును బ్లేడుతో సూదిలా చెక్కి, మొన నాలుకకు తగిలించి చూసుకునే అలవాటు ఆయనది. అందుకని ఆయన కింది పెదవి మీద ఎప్పుడూ ఒక నల్లటి చుక్క ఉండేది. ఒక ఆదివారం నాయనకు సద్ది ఇచ్చిరమ్మని అమ్మ పంపితే, రుద్రవరం వైపు ఒక పల్లెకు సైకిలు మీద పోయాడు. అప్పటికే ఆ మిద్దె పైనున్న మన్నంతా దించేశారట. ఎండ లోపలికి దిగి, అన్నేళ్ళుగా చీకట్లో ఉన్న గోడల మీద, గూళ్ళలో ఉండిపోయిన దీపపు మసి మీద, ఎవరి పెండ్లికో పసుపుతో వేసిన చేతిగుర్తుల మీద పడుతోందట. మామ సద్దిగిన్నె చేతిలోనే పట్టుకుని నిలబడిపోయాడని, నాయన ఆకలితో అరిచేదాకా కదల్లేదని మా ఇంట్లో చాలా రోజులు చెప్పుకుని నవ్వారు. ఆ సాయంత్రం గుర్తున్నంత మేరకు ఆ ఇల్లు గీశాడు. అప్పటినుంచి నాయన ఎక్కడ పని ఒప్పుకున్నా వెంటబడేవాడు. "బావా, ఒక్క దినం ఆగు. నేను గీసుకున్నాక కొడుదువు." నాయన విసుక్కునేవాడు. "సచ్చినోన్ని కుర్చీలో కూసోబెట్టి ఫొటో తీసినట్టుండాది బామ్మర్దీ నీ పని" అనేవాడు. అన్నా ఆగేవాడు.

నేను అప్పుడు ఇంటర్ తప్పి ఇంట్లో ఉన్నాను. మామకు నా అవసరం ఎట్లా పడిందంటే, ఆ ఇళ్ళలో ముందు భాగం వరకే మగవాళ్ళకు ప్రవేశం. వంటిల్లు, పక్కనే బాలింతలను పడుకోబెట్టే చీకటి గది, ఇవి గీయాలంటే లోపలి ఆడవాళ్ళు పరాయి మగవాణ్ణి రానివ్వరు కదా. "పాపా, నువ్వు రా" అన్నాడు. అట్లా ఆయన సైకిలు వెనక కూర్చుని పల్లెలు తిరగడం మొదలుపెట్టాను. బయటివైపు ఆయన, లోపలివైపు నేను. నేను కొలిచి వంకరటింకరగా గీసుకొచ్చిన వంటిళ్ళను ఆయన రాత్రి కూర్చుని నీటుగా ఎత్తి గీసేవాడు. నాకు గీత సరిగా రాకపోయినా మాటలు బాగా గుర్తుండేవి. ఏ ఇంట్లో ఏ గూట్లో ఏం దాస్తారో, ఏ మూల ఎవరు చనిపోయారో, ఏ గదిలో ఎవరు పుట్టారో అన్నీ ఆడవాళ్ళు నాకు చెప్పేవారు. నేను రాయడం మొదలుపెట్టింది ఆ వంటిళ్ళలోనే అనుకుంటాను.

ఆ ఇళ్ళను చూడనివాళ్ళకు కొంచెం చెప్పాలి. మోకాలి నుంచి నడుము దాకా వచ్చేంత మందం రాతిగోడలు, వాటి మీద దూలాలు, దూలాల మీద అడ్డంగా దంతెలనే చిన్న కొయ్యలు. దంతెల మీద కట్టెపుల్లలు పరిచి, కానుగాకు కప్పి, ఎర్రమన్ను తొక్కి, అన్నింటికీ మీద చవుడు పోస్తారు. చవుడంటే ఉప్పు తేలిన తెల్లటి మన్ను. తడిస్తే మైనంలా అతుక్కుని నీటిని కిందికి దిగనివ్వదు. కానీ ఏటికేడు వాన కొంత కడుక్కుపోతుంది. అందుకని ప్రతి ఎండాకాలం చివర బండ్లతో చవుడు తెచ్చి, మిద్దె మీద కొత్తగా పరవాలి. మొలిచిన గడ్డి పెరకాలి. వాన మధ్యలో ఎక్కడైనా ఉరిసి నీళ్ళు కారితే ఎవరో ఒకరు గోనెసంచి కప్పుకుని పైకెక్కి అక్కడ చవుడు చల్లి కాలితో తొక్కాలి. లోపల వెలుతురుకు కప్పులో గవాచి అనే చిన్న కన్నం, వానొస్తే దాని మీద బండ మూస్తారు. గడప దాటగానే ఒక పక్క ఎద్దులను కట్టేసే గాటిపాట, ఇంకో పక్క మనుషులు. ఎద్దులు నెమరేసే చప్పుడు వింటూ మనుషులు నిద్రపోయేవారు. రోహిణి కార్తెలో కూడా ఆ ఇళ్ళలోకి అడుగుపెడితే కుండలో చెయ్యి పెట్టినట్టు చల్లగా ఉండేది. ఇదంతా నిజమే. ఇంత మాత్రమే నిజమని మామ అప్పట్లో నమ్మాడు.

గోస్పాడు అవతల ఒక పల్లెలో నరసింహుడి ఇల్లు చూసిన రోజు మామ పిచ్చెక్కినవాడిలా తిరిగాడు. ఆ ఊరి పేరు రాయను, ఆ ఇంటివాళ్ళు ఇంకా అక్కడే ఉన్నారు. నల్లమల టేకుతో చేసిన ద్వారబంధం, దాని మీద చిలకలు, ఏనుగులు, అడుగున ఎవరో వడ్రంగి సరదాకు చెక్కిన ఒక ఎలుక. లోపల చేతులు చుట్టినా అందని స్తంభాలు. నరసింహుడు నల్లరేగడిలో జొన్న, పత్తి పండించే మనిషి, కొత్తగా పెళ్ళై ఒక పాప. తల్లి సుంకమ్మవ్వ పొద్దున ముఖం కడుక్కుని బయట స్తంభానికి ఆనుకుని కూర్చుంటే మళ్ళీ దీపాలవేళకు లేచేది. ఆమె వీపు తగిలి తగిలి ఆ స్తంభం ఒకచోట అద్దంలా నున్నగా అయింది. ఆ ఎండాకాలం ఇల్లు పడగొట్టి స్లాబు వేయడానికి నాయనతో మాట అయిపోయింది. కానీ ఆ సెలవుల్లో మామకు పరీక్ష పేపర్లు దిద్దే పని కర్నూలులో పడింది. ఉగాది దాటిన ఒక పొద్దున నాయనను, నన్ను వెంటబెట్టుకుని ఆయన ఆ అరుగు మీదికి వచ్చి కూర్చున్నాడు.

"దసరా సెలవులదాకా ఆగప్పా నరసింహుడూ" అన్నాడు. "దీన్ని ఒక్క దినంలో గీయలేను. ఇట్లాంటి ఇల్లు ఈ చుట్టుపక్కల ఇంగోటి లేదు."

"సారూ, నాకు ఇల్లు గావల్ల. బొమ్మ తీసుకోని నేనేం సేసుకునేది?"

"నీకు గాదు. రేపు పుట్టేటోళ్ళు సూడొద్దా?"

నరసింహుడు నవ్వాడు. రేపు పుట్టేవాళ్ళ గురించి ఆయనకు పెద్ద చింత ఉన్నట్టు లేదు. సుంకమ్మవ్వ మాత్రం స్తంభం దగ్గర నుంచి అందుకుంది. "ఆగుదాంలేరా. సారు అంతగా అడుగుతాండాడు గదా. నేను కాపురానికొచ్చినప్పటి ఇల్లు, ఇంగొక ఆరు నెలలు ఉంటే నీకేమి బరువు?" తల్లి మాట తీసెయ్యలేక నరసింహుడు సరే అన్నాడు. తలుపు వెనక ఆయన భార్య ఓబులమ్మ పాపను చంకనేసుకుని నిలబడి ఉంది. ఆమెను ఎవరూ అడగలేదు. సరే అన్న మాట వినగానే ఆమె లోపలికి తిరిగి వెళ్ళిపోవడం నేను చూశాను.

ఎట్లాగూ దసరాకు పడగొట్టేదే కదా అని ఆ ఏడు వాళ్ళు మిద్దె మీద చవుడు వేయలేదు. నాయన ఒకసారి దారిలో కనబడి, "ఒక బండెడు ఏసుకోప్పా, వానల్ని నమ్మగూడదు" అని చెప్పాడట. "ఊరికే ఎద్దులకు శ్రమ" అన్నాడట నరసింహుడు. ఆ ఏడు వానలు కూడా అంతంతమాత్రంగానే పడ్డాయి. అక్కడక్కడ ఉరిసింది తప్ప ఏమీ కాలేదు. అందరూ నరసింహుడి మాటే సరి అనుకున్నారు.

దసరా సెలవుల్లో రోజూ పొద్దున్నే ఆ ఊరికి పోయేవాళ్ళం. మామ ద్వారబంధం ముందు చాప పరుచుకుని చిలకలను గీస్తూ కూర్చునేవాడు. నేను లోపల. మొదటిరోజు సుంకమ్మవ్వ వంటింటి గడప దగ్గర నన్ను ఆపింది. "దూదేకులోళ్ళ పిల్లవు గదా తల్లీ, ఈడికే ఉండి కొలుసుకో" అంది, కోపంగా కాదు, మామూలుగానే. ఓబులమ్మ పొయ్యి దగ్గర నుంచే, "గడపకాన్నించి యాడ కొలుస్తాది అత్తా? రానీలే, ఎట్లా పోయే ఇల్లే గదా" అంది. నా చెయ్యి పట్టి లోపలికి లాగింది. ఆమెకు నాకంటే రెండు మూడేళ్ళు ఎక్కువ ఉంటాయేమో. బక్కపలచని మనిషి, కళ్ళు ఎప్పుడూ ఎర్రగా ఉండేవి. ఏడ్చి ఎర్రబడ్డాయని మొదట అనుకున్నాను.

"ఏంది రాస్తాండావు?" అని అడిగింది ఒకరోజు.

"పొయ్యి ఎంత ఎత్తుండాదో రాస్తాండా అక్కా."

"పొగ గూడా రాస్తాండావా?"

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. "తమాషా గాదు మే. పొద్దున లేస్తే నేను సూసేది పొగనే. ఆ గవాచిలోంచి ఎంత పోతాది? మిగిలిందంతా నా కండ్లల్లోకే. సంగటి గెలికేటప్పుడు పైనుంచి మన్ను రాలి కుండలో పడతాది. మొన్న జెర్రి పడింది, పాప పక్కన. మీ మామ బయట కూసోని సిలకలు గీస్తాండాడు. లోపలికొచ్చి ఒక పూట వంట సేయమను." అంతా చెప్పి, నేను చిన్నబుచ్చుకున్నానేమోనని ఒక రొట్టెముక్క విరిచి చేతిలో పెట్టింది. "నిన్ను కాదులే అనేది. స్లాబింట్లో తెల్లగోడలకాడ కూసోని, పైకి సూడకుండా ఒక ముద్ద తినల్లని నాకు ఆశ. అంతే." ఆ రొట్టె రుచి బాగుండింది. కాల్చిన జొన్నల వాసనతో పాటు పొగవాసన కూడా ఉండింది.

ఆ మాటలు సాయంత్రం మామకు చెప్పాను. ఆయన విన్నాడు. "నిజమే పాపా, పొగ గీయలేం" అన్నాడు, గీతలు గీయడంలో ఉన్న ఇబ్బంది గురించి మాట్లాడుకుంటున్నట్టు. ఆయన చెడ్డమనిషి కాదు. ఆ రోజుల్లో ఆయన కంటికి గోడలు, దూలాలు తప్ప వేరేవి ఆనలేదు. సెలవులు అయిపోయేలోపు బొమ్మ ముగించాడు. పెద్ద కాగితం మీద ఆ ఇల్లు మొత్తం, నిలువునా కోసి చూపినట్టు. దీపావళి అమావాస్య పోయాక పడగొట్టడం మొదలుపెడదామని నాయన కూలీలను మాట్లాడుకున్నాడు.

అమావాస్యకు ముందే ముసురు పట్టింది. బంగాళాఖాతంలో వాయుగుండమని రేడియోలో చెప్పారు. పెద్ద వాన కాదు, ఎడతెగని సన్నవాన. పగలూ రాత్రీ తేడా లేకుండా ఆకాశం ఒకే రంగులో ఉండింది. మా ఇంట్లో బట్టలు ఆరక, అమ్మ పొయ్యి మీద దండెం కట్టి వాటిని ఆరబెట్టింది. నాయన పని లేక ముందు గదిలో మామ పక్కన కూర్చుని బీడీలు కాల్చాడు. ఒక పొద్దున, అప్పుడే టీ తాగుతున్నాం, ఎవరో సైకిలు దిగి వాకిట్లోనే నిలబడ్డాడు. తలమీద గోనెసంచి, నీళ్ళు కారుతున్నాయి. "హుసేనన్నా, గడ్డపారలు తీసుకోని రా" అన్నాడు. "నరసింహుడి మిద్దె కూలింది. ఓబులమ్మ లోపలుండాది."

అక్కడికి మేము చేరేసరికి ఊరంతా ఆ వానలోనే ఉంది. ముందు భాగం అట్లాగే నిలబడి ఉంది, ద్వారబంధం చెక్కు చెదరలేదు. వెనక వంటింటి మీద కప్పు మొత్తం దిగిపోయింది. సుంకమ్మవ్వ పాపను ఒళ్ళో పెట్టుకుని తన స్తంభం దగ్గరే కూర్చుని ఉంది. నాయన మొదట గడ్డపారతో తీశాడు. కొంతసేపటికి గడ్డపార పక్కన పడేసి చేతులతో తోడాడు, ఆయన వెనక ఊరి మగవాళ్ళంతా తోడారు. తడిసిన చవుడు ఎంత బరువుంటుందో మోసినవాళ్ళకే తెలుస్తుంది. మన్ను కింద పొయ్యి ఇంకా ఆరలేదు, సందుల్లోంచి పొగ వస్తూనే ఉంది. నేను అరుగు దిగి ముందుకు పోబోతే నాయన కసురుకున్నాడు, పోలేదు. ఆమెను బయటికి తెచ్చినప్పుడు ఎవరో పంచె కప్పారు. చేతి గాజులు మాత్రం బయట కనబడ్డాయి, ఒక్కటీ పగల్లేదు.

నరసింహుడు చేను దగ్గర నుంచి వచ్చాడు. పంచె తొలగించి చూసి మళ్ళీ కప్పాడు. తర్వాత తలెత్తి చుట్టూ చూసి, గుంపులో వెనక నిలబడి ఉన్న మామ దగ్గరికి వచ్చాడు. "బొమ్మ అయిపాయనా సారూ?" అన్నాడు. అది తిట్టో, మనసు దిమ్మెక్కి నిజంగానే అడిగాడో నాకు ఇప్పటికీ తెలియదు. మామ తల ఊపాడు. అయిపోయిందన్నట్టు. అంతకంటే ఆయన ఏం చెప్పగలడు? దినాలు అయిన తర్వాత మామ ఆ పెద్ద బొమ్మను చుట్టి తీసుకుపోయి సుంకమ్మవ్వ చేతిలో పెట్టాడు. ఆమె ఒళ్ళో పరుచుకుని చాలాసేపు చూసింది. ఆమెకు అందులో గోడ ఏదో, గడప ఏదో అర్థమైంది. వేలితో ముందు నుంచి లోపలికి పోతూ పోతూ వంటిల్లు వచ్చేసరికి చెయ్యి తీసేసింది. "దీన్ని ఇంట్లో పెట్టుకోలేం నాయనా, తీసకపో" అంది.

ఆ చలికాలం మామ పొద్దున్నే లేచి నీళ్ళపొయ్యి దగ్గర కూర్చునేవాడు. గదిలోంచి ఒక్కొక్క బొమ్మ తెచ్చి పొయ్యిలో పెట్టేవాడు. నాయన, "నాకన్నా ఇవ్వరా, ఒగటి పెట్టుకుంటా" అన్నాడు. ఇవ్వలేదు. రుద్రవరం ఇల్లు, చాగలమర్రి దగ్గరి ఇల్లు, సిరివెళ్ళ దారిలోని ఇల్లు, అన్నిటితో మేము స్నానం చేశాం. తర్వాత ఆయన వేరే మనిషి అయ్యాడు. బడిలో పిల్లలకు మామిడికాయలు, కుండలు గీయడం నేర్పేవాడు గానీ ఇంట్లో పెన్సిలు పట్టలేదు. ఆదివారం వస్తే గడ్డపార తీసుకుని నాయన వెంట పోయేవాడు. సన్నటి చేతులు, బొబ్బలెక్కేవి. పని లేని ఆదివారాలు సైకిలేసుకుని ఏ ఊళ్ళో పాత మిద్దె ఉంటే ఆ ఊరికి పోయి, వాకిట్లో నిలబడి అడిగేవాడు. "చవుడేసినారా? ఎన్నేండ్లాయ ఏసి? దంతెలు పుచ్చినాయి సూడు. పడగొట్టండప్పా." జనం నవ్వేవారు. "నిన్న గీస్తానంటివి, ఈ పొద్దు కొట్టమంటాండావు, నీకేమన్నా మతి సెడిందా సారూ?" అనేవారు. పట్టించుకునేవాడు కాదు. సర్కారు కాలనీ ఇళ్ళ కోసం వాళ్ళ తరఫున ఆఫీసుల చుట్టూ తిరిగేవాడు. ఎవరూ ముందుకు రాకపోతే తానే నిచ్చెన వేసుకుని పైకెక్కి మన్ను దించడం మొదలుపెట్టేవాడు. నాయన పోయాక కూడా కూలీలను వెంటేసుకుని అదే పని చేశాడు. చెక్కుడు తలుపులు, స్తంభాలు ఎవరెవరో లారీల్లో వచ్చి కొనుక్కుపోయారు. పట్నాల్లో హోటళ్ళ ముందు నిలబెట్టారని విన్నాను. మామ కాళ్ళు ఆడినంత కాలం తిరిగిన ఊళ్ళే సౌమ్యకు ఖాళీగా కనబడిన ఊళ్ళు.

ఆయన దానివల్ల ఒక్క ప్రాణమైనా కాపాడాడా? నేను చాలాసార్లు ఆలోచించాను. పడగొట్టేసిన మిద్దె కింద ఎవరు చనిపోయి ఉండేవారో ఎవరు చెప్పగలరు? లెక్క తేలని పని చేస్తూ ముసలివాడయ్యాడు. చివరి రోజుల్లో మంచంలో ఉండి, వాన చినుకు రేకుల మీద పడితే చాలు, లేచి కూర్చునేవాడు.

సౌమ్యకు ఇదంతా మర్నాడు కారులో చెప్పాను. ఆమె కిటికీ వైపు తిరిగి విన్నది. "అయ్యో" అంది చివరకు. ఓబులమ్మ కోసమా, పోయిన ఇళ్ళ కోసమా అని నేను అడగలేదు, రెండిటికీ ఆ ఒక్క మాటే సరిపోతుంది. దారి పొడవునా స్లాబు ఇళ్ళు, వాటి మీద నల్లటి నీళ్ళ ట్యాంకులు. ఎండాకాలంలో ఆ ఇళ్ళలో మనుషులు ఉండలేరు. సాయంత్రానికి మంచాలు రోడ్డు మీదికి వస్తాయి. ఏసీ పెట్టుకున్నవాళ్ళు ఒక్క గదిలో తలుపు మూసుకుంటారు, మిగిలిన ఇల్లంతా పెనంలా కాలుతూ ఉంటుంది. గాటిపాటలు లేవు, ఎద్దులూ లేవు. చవుడు తెచ్చే నేలల్లో కంపచెట్లు మొలిచి దారే లేదు. ఒకవేళ ఈరోజు ఎవరైనా మళ్ళీ మట్టి మిద్దె కట్టుకుంటానన్నా, ఏటికేడు దాని మీదికెక్కి తొక్కే ఓపిక ఎవరికుంది? ఆ ఇల్లు మనిషిని తినేది. ఈ ఇల్లు మెల్లగా ఉడకబెడుతుంది. మామ గీసిందీ వృథాయే, కొట్టిందీ వృథాయే అనిపించింది ఆ దారంతా.

నరసింహుడి ఇంటి ముందు కారు ఆగింది. అదే స్థలంలో, ఓబులమ్మ పోయిన మరుసటి ఏడు మా నాయనే కట్టిన స్లాబు ఇల్లు. ఆయన మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. కూతురికి ఇల్లరికపు అల్లుణ్ణి తెచ్చుకున్నాడు, వాళ్ళు చేనుకు పోయి ఉన్నారు. వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చున్న ముసలాయన నన్ను తేరిపార చూశాడు. "బేల్దారి హుసేను బిడ్డవు గదా? దస్తగిరమ్మవు." అవునన్నాను. "సారు ఎట్లుండాడు?" పోయాడని చెప్పాను. తల ఊపాడు. "దీపాళి పోయినంక ప్రతి ఏడూ వస్తాండె. వచ్చి ఈడ కూసోని పోతాండె. నేనూ మాట్లాడను, ఆయప్పా మాట్లాడడు. పోయినేడు రాకపోతే అనుకుంటి." ఈ సంగతి నాకు అంతవరకూ తెలియదు.

సౌమ్య లోపలికి తొంగిచూసింది. స్లాబు పెచ్చులూడి, లోపలి కమ్ములు తుప్పుపట్టి బయటికి వంగి ఉన్నాయి. ఈ ఊరి నీళ్ళు చవుడు నీళ్ళు, సిమెంటులో అవే కలిపారు. గోడలు తెల్లగా లేవు. ఒక మూల కప్పుకు ఆసరాగా కొయ్య నిలబెట్టారు. నరసింహుడు ఆమె చేతిలోని యంత్రాన్ని చూసి, ఇళ్ళు కొలిచేదని నేను చెప్పగానే లేచి నిలబడ్డాడు. "అట్లయితే దీన్ని గూడా కొలుసుకో తల్లీ. ఇది గూడా ఎంతో కాలం ఉండదు. పొద్దున లేస్తే ఇంత రాలతాంది."

సౌమ్య నా వైపు చూసింది. ఆమెకు అబద్ధం చెప్పడం రాదు. "సిమెంటు ఇళ్ళు మేము తీసుకోం తాతా" అంది నెమ్మదిగా. "పాతవి మాత్రమే."

"ఇది పాతదే గదమ్మా" అన్నాడు. "మరి దీనికెవురొస్తారు?" అని నన్ను అడిగాడు. నాకు తెలియదన్నాను. మేము కారెక్కేసరికి ఆయన లోపలికి పోయి చీపురు తీసుకున్నాడు. తలమీద తువ్వాలు కప్పుకుని, ఆసరా కొయ్య చుట్టూ రాలి ఉన్న పెచ్చులను ఊడ్చి ఒక పక్కకు పోగేస్తున్నాడు.